శ్రీ కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభ సమయమున వెలువడు సంచికకు ఒక మహాపురుషుని చరిత్రమును వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు కోరిరి. కవుల చరిత్రములు వ్రాయువారు పెక్కండ్రు కలరు. గ్రంథాలయపు సంచికలో గ్రంథాలయములకై బ్రతికినవాని చరిత్ర యుండుట న్యాయమని నాకు తోచినది. మఱియొక కారణము కూడ నున్నది. సాయంకాలము మన పఠన మందిరమునకు వచ్చువారిలో నేడు పురాణములు చదువు వృద్ధులకంటె, నిజామాబాదు గిరిరాజ కళాశాలలోను, 2006లో డిచ్‌పల్లియందు నెలకొన్న తెలంగాణ విశ్వవిద్యాలయములోను చదువు బాలబాలికలు ఎక్కువ. వీరిలో రసాయన శాస్త్ర విద్యార్థులు మన బీరువాల ముందు నిలిచి, భారతము మొదలు డిటెక్టివు నవలల వరకు చూచి, తమకు కావలసినది కానరాక వెనుదిరుగుచుందురు. తెలుగు గ్రంథాలయములో రసాయన శాస్త్రమునకు చోటుండవలెనని నూరేండ్లకు పైబడిన కాలముననే పట్టుబట్టినవా డొకడు కలడని వారిలో పెక్కుమందికి తెలియదు. ఆయనయే లక్ష్మణరావుగారు.

ఆయన 1877 మే 18వ తేదీన కృష్ణా మండలములోని పెనుగంచిప్రోలున జన్మించెను. మునేటి యొడ్డున తిరుపతమ్మ తిరునాళ్లకు ప్రసిద్ధికెక్కిన గ్రామ మది. తండ్రి వేంకటప్పయ్యగారు బాలునకు మూడేండ్లు వచ్చునప్పటికే గతించిరి. తల్లి గంగమాంబ. ఆ కుటుంబమునకు ఆధారమైనది అక్కగారు అచ్చమాంబ. ఆమె భర్త భండారు మాధవరావుగారు మధ్య పరగణాలలో ఇంజనీరు కొలువు చేయుచుండిరి. తల్లియు తమ్ముడును ఆ యింటికే చేరిరి. లక్ష్మణరావుగారి విద్య నాగపురమున సాగినది.

అచ్చమాంబగారిని గూర్చి ఇచ్చట కొంచెము నిలిచి చెప్పవలెను. ఆమె పాఠశాల గడప త్రొక్కి యెఱుగదు. తమ్ముడు ఇంట చదువుకొనుచుండగా తానును కూడ కూర్చుండి అక్షరములు నేర్చినది. తమ్ముని చదువు ఆమె చదువయ్యెను. అటు నేర్చిన చదువుతో ఆమె సంస్కృతము, మరాఠీ, హిందీ భాషల గ్రంథములను పరికించి, ప్రసిద్ధ స్త్రీల చరిత్రములను కూర్చి 'అబలా సచ్చరిత్ర రత్నమాల'ను వ్రాసెను. 1902లో 'ధనత్రయోదశి' యను కథను ప్రకటించెను. చెల్లాచెదరైన పుస్తకములనుండి విషయమును ఏరి ఒకచోట చేర్చు నేర్పు ఆ యింట ఇరువురికిని అబ్బినది. 1905లో ముప్పదియేండ్ల ప్రాయముననే ఆమె కన్నుమూసెను. తమ్ముడు తరువాత తన కూతునకు ఆమె పేరే పెట్టుకొనెను. ఆ కూతురు డాక్టరు కొమర్రాజు అచ్చమాంబగా వైద్యవృత్తిలో పేరుగాంచి, 1957లో విజయవాడ నుండి లోకసభకు ఎన్నికయ్యెను.

నాగపురమున నుండుటచే లక్ష్మణరావుగారికి మరాఠీ మాతృభాషవలె స్వాధీనమయ్యెను. బోధను, మద్నూరు ప్రాంతముల మనవారికి ఇది వింతగా తోపదు; మన యిండ్లలోను తెలుగును మరాఠీయును ఒక్క పందిరి క్రింద మెలగుచున్నవి. ఆయన మరాఠీ పత్రికలకు వ్యాసములు వ్రాసెను. మోరోపంతు కవి భారతమును పరిష్కరించు పనిలో పాల్గొనెను. మహారాష్ట్రమున చరిత్రలు, శాస్త్రములు దేశభాషలో వెలువడుచుండుట ఆయన కన్నులార చూచెను. తెలుగున నాడు కావ్యములకు, ప్రబంధములకు, శతకములకు కొదువ లేదు. విద్యుత్తు ననగా నేమి, గాలిలో నేమున్నది, సున్నము నీటిలో వేసిన నేల యుడుకును అని యడిగిన బాలునకు చేతికి ఇయ్యదగిన తెలుగు పుస్తకము మాత్రము మిక్కిలి అరుదు. ఆ లోటే ఆయన జీవితమునకు పని చూపెను.

ఆయన స్వయముగా రసాయన శాస్త్రజ్ఞుడు కాడు. చరిత్రకారుడు; శాసనములు చదివినవాడు; 'శివాజీ చరిత్రము', 'హిందూ మహాయుగము', 'మహమ్మదీయ మహాయుగము' వ్రాసినవాడు. అయినను తనకు రాని శాస్త్రమును తన జాతికి రాకుండ చేయరాదని యెఱిగినవాడు. పండితులలో ఈ గుణము అరుదు. వ్యాకరణము వచ్చినవాడు వ్యాకరణమే లోకమనును. జ్యోతిషము వచ్చినవానికి గ్రహములు తప్ప వేఱొకటి కనబడదు.

పట్టము లందిన పిమ్మట ఆయన మునగాల జమీందారు రాజా నాయని వేంకట రంగారావుగారి కొలువున ప్రవేశించి దివానయ్యెను. ఈ మునగాల పరగణా స్థితి విచిత్రము. చుట్టును నిజాము రాజ్యము; నడుమ దీవివలె మదరాసు ప్రభుత్వమునకు లోబడిన భూమి. అచ్చటి దివానునకు ఇటు హైదరాబాదును అటు చెన్నపురియును రెండు పెరటి వాకిళ్లు. ఈ స్థానబలమే తెలంగాణమునకు మేలు చేసెను. రాజాగారు, రావిచెట్టు రంగారావుగారు, లక్ష్మణరావుగారు మొదలైనవారు కలిసి 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదు రెసిడెన్సీ బజారులో రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయమును స్థాపించిరి. రాజభాష ఉర్దూ, కచేరీలు, పాఠశాలలు ఉర్దూలో. తెలుగువాడు తెలుగు పుస్తకమును సభలో చేత బట్టుకొనుటకే జంకిన కాలము. హైదరాబాదులో 1891లోనే నెలకొన్న ఆసఫియా గ్రంథాలయము ఘనమైనదే. నేటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయ మదియే. అందు అరబ్బీ, పారసీ, ఉర్దూ గ్రంథములు సమృద్ధిగ నుండెను. తెలుగువాని కొక గది కావలసియుండెను. ఆ గది ఈ నిలయ మయ్యెను. దానిని చూచి 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయము, 1905లో సికిందరాబాదునందు ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయము వెలసినవి. తరువాతి కాలమున మాడపాటి హనుమంతరావుగారి వంటివారు ఈ నిలయముల నీడననే పెరిగి ఆంధ్రోద్యమమును నడిపిరి. ఆ యుద్యమమే 1937లో మన నిజామాబాదున ఆఱవ ఆంధ్ర మహాసభగా సమావేశమయ్యెను. మన జిల్లాలోని గ్రంథాలయములు ఆ కుదురునుండి మొలచిన పిలకలే యని చెప్పిన తప్పులేదు.

గది యైనది, బీరువా యైనది. అందు పెట్టుటకు పుస్తకములో? ఇచ్చటనే లక్ష్మణరావుగారి దూరదృష్టి తెలియును. గ్రంథాలయము కట్టించినవారు పలువురు కలరు. గ్రంథాలయములో లేని పుస్తకమును వ్రాయించుటకు పూనుకొన్నవారు కొలదిమంది. 1906లో హైదరాబాదుననే విజ్ఞాన చంద్రికా మండలి పుట్టెను. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, ఆచంట లక్ష్మీపతిగారు, అయ్యదేవర కాళేశ్వరరావుగారు ఇందు ఆయనకు తోడైరి. మొదటి పుస్తకము హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్ర. తరువాత వరుసగా చరిత్రములు, నవలలు, వానితోపాటు శాస్త్రములు వెలువడినవి. జీవశాస్త్రమును లక్ష్మీపతిగారు వ్రాసిరి. పదార్థ విజ్ఞాన శాస్త్రమును మంత్రిప్రగడ సాంబశివరావుగారు వ్రాసిరి. రసాయన శాస్త్రమును వేమూరి విశ్వనాథశర్మగారు వ్రాసిరి. ఈ యంశమును మన విద్యార్థులు గుర్తించవలెను. చందాదారుల రూకలతో, ప్రభుత్వపు దమ్మిడీ లేకుండ, తెలుగు రసాయన శాస్త్ర గ్రంథము ఇంటింటికి పోయినది.

పుస్తకము వ్రాయుట యొక యెత్తు, అందు వాడవలసిన మాటలు కనుగొనుట వేఱొక యెత్తు. రసాయన శాస్త్రము పేళ్ల శాస్త్రము. పేరు తప్పినచో పదార్థమే తప్పును. ఆక్సిజన్ అను వాయువునకు ఆ పేరు పెట్టినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లవోయిజియే. ఆమ్లములన్నియు దీనివలననే పుట్టునని తలచి, గ్రీకు భాషలో ఆమ్లమును పుట్టించునది యను నర్థము వచ్చునట్లు నామకరణ మొనర్చెను. మనవారు దానిని ఆమ్లజని యని అనువదించిరి. తరువాత 1810 నాటికి ఇంగ్లాండున డేవీ పండితుడు ఉప్పునుండి తీసిన ఆమ్లములో ఈ వాయువు లేనేలేదని తేల్చెను. ఆమ్లములకు సామాన్యమైనది ఉదజని. కాని పేరు మాత్రము మారలేదు. యూరపున అదే పేరు, తెలుగున అదే అనువాదము. ప్రాణవాయువను మాట ఈ చిక్కునకు దూరముగ నున్నది గాని, ఊపిరితో సంబంధము లేని చోట, ఇనుము త్రుప్పు పట్టు సందర్భమున, దానిని వాడుట కొంత యెబ్బెట్టు. భాషాభిమానము గలవాడు ఇట్టి చోట్ల నిద్రలేని రాత్రులు గడుపవలసినదే.

హైదరాబాదున ప్రభుత్వమువారికి కొంతకాలమునకు ఇదే సమస్య యెదురయ్యెను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయమును ఉర్దూ మాధ్యమమున తెఱచిరి. అందుకొఱకు అంతకు ముందటి సంవత్సరముననే అనువాద శాఖ నొకదానిని నెలకొల్పి, పండితులకు జీతము లిచ్చి, రసాయన శాస్త్రాది గ్రంథములను ఉర్దూలోనికి మార్పించిరి. పారిభాషిక పదములకై సంఘములు కూర్చుండి వాదించుకొనినవి. అది మంచి పనియే. ఖజానా వెనుక నుండగా జరిగినది. అంతకు పదేండ్ల ముందే ఖజానా లేని కొందఱు తెలుగువారు అదే పనిని తమ చేతిలో నున్నంతలో చేసిరని మాత్రము మన పిల్లలకు చెప్పవలెను.

1908లో మండలి కార్యస్థానమును చెన్నపురికి మార్చిరి. అదే సంవత్సరమున హరిసర్వోత్తమరావుగారు పత్రికా వ్రాతకై రాజద్రోహ నేరముపై చెరసాల పాలైరి. లక్ష్మణరావుగారు ఎఱుకతో నడిచి మండలిని నిలిపిరి. చెన్నపురిలో కన్నెమరా గ్రంథాలయము 1896 నుండి యుండెను. ప్రభుత్వపు ప్రాచ్య లిఖిత గ్రంథాలయము అంతకంటె పాతది. ఆయన తలపెట్టిన పెద్ద పనికి ఆ రెండు రకముల భాండారములును అవసరమే.

ఆ పని 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము'. లోకమునందలి సకల విషయములను అకారాది క్రమమున కూర్చి, ఒక్కొక్క విషయముపై తెలిసినవానిచే వ్యాసము వ్రాయించి, తెలుగువాడు ఏ సంగతి యడిగినను ఇదిగో ఇచ్చట చూడుమని చూపగల గ్రంథము. ఇప్పుడు మనకు ఇది మామూలు మాటగా నున్నది. నాడు తెలుగున దీనికి త్రోవ లేదు. శాస్త్రమును గ్రంథాలయములో వెదకువానికి మొదటి చిక్కు ఎచ్చట ఆరంభింపవలెననునది. పాఠ్యపుస్తకము మొదటి పుటనుండి నడుపును. సర్వస్వమో, కావలసిన మాట దగ్గరకే చేర్చి, విషయపు రూపురేఖలు చూపి, పెద్ద గ్రంథములవైపు త్రిప్పి పంపును. లెక్కల చిట్ఠా తిరగవేయువానికి ఖాతావారీ సూచిక యెంత యవసరమో విద్యార్థికి సర్వస్వ మంత యవసరము.

1915 మొదలు మూడు సంపుటములు వెలువడినవి. రాయప్రోలు సుబ్బారావుగారు, మల్లంపల్లి సోమశేఖరశర్మగారు వంటి యువకులు ఆ కార్యాలయమున పనిచేసి చేయి తిరిగిరి. యూరపు మహాయుద్ధ కాలమది. కాగితము వెల పెరిగినది. రాజాగారి యండ యున్నను పని భారము ఒక్కని భుజములపై పడినది. మూడు సంపుటములైనను అకారము గడవలేదు. వంగదేశమున నగేంద్రనాథ వసువుగారు 22 సంపుటముల విశ్వకోశమును 1911 నాటికి పూర్తిచేసిరి. మహారాష్ట్రమున కేత్కరు పండితుడు తరువాత ఆరంభించియు 23 సంపుటముల జ్ఞానకోశమును ముగించెను. మన సర్వస్వము మాత్రము తొలి యక్షరమున నిలిచినది. దీనిని లక్ష్మణరావుగారి యసమర్థతగా నెంచుట తగదు. ఒక్కొక్క వ్యాసమును కుదించక, కూలంకషముగ నుండవలెనని పట్టుబట్టుటయే ఇందుకు హేతువు. ఇంకను కొంచెము కుదించి యుండిన బాగుండెడిదని నా తలంపు. తెలుగున అణువు, ఆమ్లమునకు పూర్వులు వాడిన అమ్లము, అభ్రకము అను మాటలు అకారముననే వచ్చును. గంధకము, పాదరసము, సున్నము రావలసిన యక్షరములను ఆయన చేరలేదు. చెఱకు నమ్ముకొన్న మన సీమవారికి కావలసిన చక్కెర చకారమున నున్నది. ఆయన అంతవరకు రానేలేదు.

చక్కెర మాట వచ్చినది గనుక, గ్రంథాలయమున శాస్త్రమును వెదకు విధమును ఆ యుదాహరణముననే చూతము. 1931లో నిజాంసాగరము పూర్తియై నీరు పాఱిన పిమ్మట ఈ సీమ చెఱకు సీమ యయ్యెను. బోధనునందు 1938 నుండి గానుగాడిన నిజాము చక్కెర కర్మాగారములో చెఱకు రసమును సున్నముతోను, గంధకమును కాల్చిన వాయువుతోను తేర్చి, కాచి, పలుకులు కట్టించి, మిగిలిన మడ్డిని సారాయమునకు పంపెడివారు. ఆ కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. మన పిల్లడు ఈ విధానమును గూర్చి చదువదలచిన ఏ మాట క్రింద వెదకవలెను? అంగడిలో చక్కెర, వైద్య గ్రంథములో శర్కర, కళాశాలలో సుక్రోజు. ఇట్లే రైతు మైలుతుత్తమన్నది వైద్యునకు తుత్థము, ఉపాధ్యాయునకు కాపర్ సల్ఫేటు. విషయ మొక్కటే, పేళ్లు మూడు, ఒక పేరుతో వెదకినవానికి తక్కిన రెండు పేళ్లతో నున్న పుస్తకములు కనబడవు.

ఈ చిక్కును అమెరికా రసాయన సంఘమువారు చక్కగ విప్పిరి. మన మండలి పుట్టిన మఱుసటి యేడే, 1907లో, వారు కెమికల్ ఆబ్‌స్ట్రాక్ట్స్ అను సంచికను ఆరంభించి, ప్రపంచమున నెచ్చట రసాయన శాస్త్ర వ్యాసము వెలువడినను దాని సారాంశమును నాలుగు పంక్తులలో ప్రకటించుచు, సూచికలు కూర్చుచు వచ్చిరి. 1965 నుండి ప్రతి పదార్థమునకు ఒక సంఖ్య నిచ్చిరి. 2010 నుండి అచ్చు సంచిక నిలిచి యంత్రగణకములలోనికి మారినను సంఖ్యలు అట్లే యున్నవి. గ్రామ లెక్కలు వ్రాయువానికి ఇది సులభముగ బోధపడును. ఒకే చేనును తాత చింతచేననును, మనుమడు బావి మడి యనును, కొన్నవాడు వేఱొక పేరు పెట్టును. సర్వే నంబరు మాత్రము మారదు. చక్కెరకు ఆ నంబరు 57-50-1. నీటికి 7732-18-5. ఈ నంబరుతో, ఉచితముగ లభించు పబ్‌కెమ్ వంటి భాండారములో వెదకినచో పేళ్ల గొడవ తీరును. తెలుగు మాటకు ఇంగ్లీషు మాట కావలసిన 1968లో స్థాపితమైన తెలుగు అకాడమీ ప్రకటించిన పారిభాషిక పద కోశములను చూడవలెను. మొదట సర్వస్వము, పిమ్మట పదకోశము, పిమ్మట నంబరు, కడపట మూల వ్యాసము: ఈ క్రమము తప్పినవాడు సముద్రమున గవ్వను వెదకినట్లు వెదకును.

గ్రంథాలయములనుండి శాస్త్రమును త్రవ్వి తీయుట యెట్టి తపస్సో తెలియుటకు లక్ష్మణరావుగారి సమకాలికుడే యొకడు సాక్షి. కలకత్తాలో ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయిగారు రసాయన ప్రయోగశాలలో పనిచేయుచునే, ఫ్రాన్సు దేశపు బెర్త్‌లో పండితుని ప్రోత్సాహమున, దేశమందలి గ్రంథాలయములనుండి రసతంత్రముల వ్రాతప్రతులు తెప్పించి, పోల్చి, హిందూ రసాయన శాస్త్ర చరిత్రమును 1902లో ఒక సంపుటము, 1909లో రెండవ సంపుటముగ ప్రకటించెను. మనవారు నాగార్జునుని పేరు చెప్పి గర్వింతురు. ఆయన పేర నున్న గ్రంథమును తాళపత్రములలో వెదకి అందు నిజముగ నేమున్నదో చూచినవాడు ఆ వంగ పండితుడు. లక్ష్మణరావుగారు చరిత్రమున చేసినదియు ఈ పనియే. శాసనము చూడనిదే కథను నమ్మలేదు.

చెన్నపురి ఎగ్మూరులో ఆయన యిల్లు వేదవిలాసము. తెలుగు పండితులకు అది సత్రమువంటిది. 1919లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు తుదిశ్వాస విడిచినది ఆ యింటనే. సర్వస్వమును తిరిగి కొనసాగింపవలెనని లక్ష్మణరావుగారు చేసిన యత్నములు నెఱవేరకుండగనే 1923 జూలైలో ఆయనయు చెన్నపురిలోనే పరమపదించెను. వయస్సు నలుబదియాఱు. అంతకు ముందే, 1910లో, తొలి నిలయమునకు తన యింటి చోటిచ్చిన రావిచెట్టు రంగారావుగారు గతించి యుండిరి.

తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ కార్యమును తలకెత్తుకొని పాత సంపుటములను సవరించి మరల ముద్రింప నారంభించిరి. 1938లో వారును గతింపగా అదియు నిలిచెను. 1947లో నెలకొన్న తెలుగు భాషా సమితివారు అకారాది క్రమమును విడిచి, ఒక్కొక్క శాస్త్రమునకు ఒక్కొక్క సంపుటము చొప్పున విజ్ఞాన సర్వస్వమును ప్రకటించిరి. హైదరాబాదున ఖండవల్లి లక్ష్మీరంజనముగారి ఆధ్వర్యమున సంగ్రహాంధ్ర విజ్ఞాన కోశము వెలువడి అకారమును దాటి ముందుకు సాగినది. పాత సంపుటములకు, మండలి పుస్తకములు కొన్నింటికి ఛాయాప్రతులు నేడు అంతర్జాలమున ఉచితముగ లభించుచున్నవి. నిజామాబాదు జిల్లా కేంద్ర గ్రంథాలయమునకు పోవు విద్యార్థులు సూచన గ్రంథముల బీరువా యెచ్చటనని ముందుగ అడిగి, ఆ సంపుటములలో కడపటి యకారాది సూచికను తెఱచి చూడవలెను. పుస్తకపు వెన్నుపై పేరు చూచి తిరిగి రారాదు. సుల్తాను బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము 2001లో నూరేండ్లు నింపుకొనినది. పట్నము పోవు మన సభ్యులు ఒక పూట అచ్చట దిగి, విజ్ఞాన చంద్రికా గ్రంథమాల పుస్తకములు చూపుడని యడిగి చూతురుగాక.